తలలో పారిన కాలవ

ఉదయం ఆరు దాటింది. ఫిబ్రవరి నెలాఖరు మంచు కొబ్బరితోటల్లోంచి ఇంకా విడలేదు. అమ్మాజీ వసారాలో పీట వేసుకుని కూతురు శ్రీదుర్గకి జడ వేస్తోంది. పిల్ల అమలాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. ఏడుంపావు బస్సు అందుకోవాలి.

కంచె అవతల బుచ్చిరాజు సైకిలు దిగేడు. "వదినగారూ, అమ్మాయి లేచిందాండీ" అన్నాడు. పిల్ల ఎదురుగానే కనిపిస్తున్నా అలా అడగడం మర్యాద. అమ్మాజీ దువ్వెన నోట కరుచుకుని, శ్రీదుర్గ ఎడమ చెవి వెనక తన చెవి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుంది. దువ్వెన తీసి, "లాకులు దాటేయి. మధ్యాహ్నానికి," అంది.

"ఆయ్," అని ఆయన సైకిలెక్కేడు.

వాళ్ళ ఊరు అల్లవరం అవతల, కాలవకి చిట్టచివర. పైవాళ్ళ చేలన్నీ తడిపి, మిగిలితే అక్కడికి వస్తాయి గోదావరి నీళ్ళు. రెండో పంట దాళ్వాకి వంతులు పెట్టేక మరీ కష్టం. వచ్చిన పూట గట్టు మీద కాపలా ఉండి ఎవరి చేలోకి పోయే బోదె వాళ్ళు తెరుచుకోకపోతే, ఆ నీళ్ళు తిన్నగా మురుగు కాలవలో పడి సముద్రానికి పోతాయి. శ్రీదుర్గకి చిన్నప్పటినుంచీ తలలో కాలవ పారుతుంది. పైన లాకుల దగ్గర షట్టరు లేపితే ఆమె చెవి వెనక హోరు మొదలవుతుంది, దించితే అణుగుతుంది. అందుకని రైతులు చేలోకి వెళ్ళేముందు ఆ కంచె దగ్గర ఆగుతారు. ఎదిగిన ఆడపిల్ల గనక వినే పని తల్లిది. అమ్మాజీ ఒక మాటకి రెండు మాటలు వాడే మనిషి కాదు; ఆమె మధ్యాహ్నం అంటే మధ్యాహ్నమే. లాకుల దగ్గర షట్టర్లు చూసే లస్కరు ధర్మరాజు ఆ ఊరికి ఫోను చెయ్యడం ఎప్పుడో మానేసేడు. అత్తగారు వీరాయమ్మకి మాత్రం ఒకటే బాధ, కోడలు పిల్ల తలకి నూనె దట్టించేస్తోందని, నీళ్ళు జిడ్డుగా వస్తాయని.

కిందటి కార్తీకంలో శ్రీదుర్గకి తలనొప్పి మొదలైంది. పిల్ల తల పట్టుకుని కూర్చుంటే తండ్రి తాతబ్బాయికి వెంటనే తట్టింది, కాలవలో ఎక్కడో గుర్రపుడెక్క అడ్డం పడిందని, నీళ్ళు ఎగదన్నుతున్నాయని. మనుషుల్ని పోగేసుకెళ్ళి, వంతెన కింద పేరుకున్న డెక్కంతా లాగి గట్టున పడేసేడు. సాయంత్రానికి నొప్పి తగ్గింది. ఇంకేం, ఆ తరవాత ఎప్పుడు తలనొప్పి వచ్చినా డెక్క తీసేరు. ఆ కాలవ అంత శుభ్రంగా ఎన్నడూ లేదు. డాక్టరు మాట ఎవరికీ తోచలేదు.

అమ్మాజీ అన్నట్టే ఆ మధ్యాహ్నం నీళ్ళు వచ్చేయి. కడుపులో వికారంగా ఉందని బస్సు మానేసి ఇంట్లోనే ఉండిపోయిన శ్రీదుర్గ, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. కుడిచెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఆ తరవాత ఒళ్ళంతా కొట్టుకుంది. తాతబ్బాయి వెదురుగెడ తీసుకుని వంతెనవైపు పరిగెత్తేడు. అమ్మాజీ ఆటో పిలిచింది.

అమలాపురంలో స్కాన్ తీసి, మెదడులో కొంచెం రక్తం కారిందని కాకినాడ పంపించేరు. అక్కడి పెద్దాసుపత్రిలో మెదడు డాక్టరు ఫిల్ము వెలుతురుకి పట్టుకుని చూపించేడు. వానపాములు ఒకదాన్నొకటి చుట్టుకున్నట్టు, నల్లగా, నిమ్మకాయంత రక్తనాళాల చిక్కు ఉంది. ఆయన స్టెతస్కోపు శ్రీదుర్గ ఎడమ చెవి వెనక పెట్టి విన్నాడు.

"ఏ కాలవమ్మా?"

అమ్మాజీ చెప్పింది.

"మాది కొత్తపేట దగ్గరండి. మాకు నీళ్ళు ముందే వచ్చేస్తాయి," అన్నాడాయన, మొహమాటంగా.

తరవాత కుర్చీ దగ్గరికి లాక్కుని, వాళ్ళ మాటల్లోనే చెప్పేడు. పంట కాలవలో నీళ్ళు బోదెల్లోకి, బోదెల్లోంచి చేలల్లోకి పోయి, జోరు తగ్గేక మురుగులో కలవాలి. ఈ అమ్మాయి మెదడులో ఒకచోట పుట్టుకతోనే బోదెలు లేవు. కాలవ తిన్నగా మురుగులో పడుతోంది. ఆ వడికి మురుగు గట్టు పలచబడిపోయి, ఒకసారి కారింది. ఈసారి తెగితే పిల్ల దక్కకపోవచ్చు.

"తీస్తే?" అంది అమ్మాజీ.

"చిన్నదేనమ్మా, పైపైనే ఉంది. ఇలాంటిది తీయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది మామూలుగానే ఇంటికెళ్తారు. కొందరికి చెయ్యో మాటో కొన్నాళ్ళు మొద్దుబారి మళ్ళీ వస్తుంది. కొద్దిమందికి రాదు. ప్రాణానికేం ఫరవాలేదని నేను రాసివ్వలేను. కానీ మొత్తం వచ్చేసిందా, ఇక దాని గురించి భయం లేదు."

ఆపరేషనుకి ముందురోజు తొడలోంచి సన్నటి గొట్టం పంపి కొన్ని దారులు జిగురుతో మూస్తారట. మిగతాది పుర్రె తెరిచి తియ్యాలి. కాలవ పారుతున్నంతసేపూ ఆ చిక్కు బుసకొడుతూనే ఉంటుందని, కాలవలు ఎప్పుడు కట్టేస్తారని అడిగేడు. దాళ్వా కోతలయ్యేక, అని తాతబ్బాయి చెప్పేడు. అంతవరకూ ఆగలేమన్నాడు డాక్టరు.

అమ్మాజీ భర్తని పిల్ల దగ్గర ఉంచి ఊరికి వచ్చింది. మిగతా రోజుల్లో కాలవ పైవాళ్ళది, వాళ్ళని ఆపమనడానికి లేదు. తమ వంతు రోజున మాత్రం నీళ్ళు తమవి, వద్దంటే వద్దు. కానీ చేలన్నీ పొట్ట మీద ఉన్నాయి. ఆ వంతు పోతే మళ్ళీ వంతుకి కంకి తాలు పోతుంది. బస్సులో వస్తున్నంతసేపూ ఆమె ఒకే వాక్యం కూడబలుక్కుంది. వంతెన దగ్గర టీ కొట్టులోకి ఆమె ఎప్పుడూ అడుగు పెట్టలేదు. ఆ వేళ పెట్టింది. రైతులు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"మన వంతు రోజున షట్టరు దింపించాలి. పిల్లకి ఆపరేషను," అంది.

టీ కాసే ఆయన స్టవ్ మంట తగ్గించేడు. బుచ్చిరాజు తన గ్లాసులోకి చూసుకుంటూ ఉండిపోయేడు. శివారులోకల్లా శివారు ఆయన చేనే.

"ఎండితే రొయ్యల చెరువు తవ్వేస్తానండి వదినగారూ," అన్నాడు చివరికి. "మా ఆవిడ ఎప్పటినుంచో పోరుతోంది. చేను ఎండబెట్టడానికి నాకే దారి దొరక్క ఊరుకున్నాను."

ఇంకొకాయన, ఆ రొయ్యలు కూడా నీ మాట వినవులే అన్నాడు. అందరూ నవ్వేరు. అమ్మాజీకి నవ్వు రాలేదు గాని, నిలబడే శక్తి వచ్చింది. ధర్మరాజుకి ఫోను చేస్తే, షట్టరుకి గ్రీజు పెట్టి చాలా కాలమైందని, ఆ రోజే దించి పెడతానని అన్నాడు.

ఆసుపత్రిలో పక్క మంచం సురేంద్రది. అంతర్వేదిలో పడవ మీద వేటకెళ్ళే కుర్రాడు. అదే చిక్కు, అంతకు నాలుగు రోజుల ముందే తీసేరు. కుడిచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. "అక్కా, నేను... బాగానే... ఉన్నాను," అని చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. చెప్పేక గెలిచినట్టు చూసేడు. అవతలి మంచం పెద్దాయనకీ అదే ఆపరేషను. ఆయన లోపలికి వెళ్ళేక మళ్ళీ ఆ మంచానికి రాలేదు, దుప్పటి మార్చేరు. అమ్మాజీ ఎవరినీ ఏమీ అడగలేదు.

వంతు రోజు పొద్దున్న శ్రీదుర్గని తీసుకెళ్ళేరు. జడ లేదు, తల నున్నగా ఉంది. కాసేపటికి ధర్మరాజు ఫోను చేసేడు. "దించేనండి." అమ్మాజీ ఆ మాట నర్సుకి చెప్పింది. నర్సు లోపలికి వెళ్ళి వచ్చి, "ఆగిందంటండి," అని చెప్పి తలుపేసుకుంది.

ఆ తరవాత చెయ్యడానికేమీ లేదు. తాతబ్బాయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "కాలవ శుభ్రంగానే ఉంచేను కదే," అన్నాడు. అమ్మాజీ లేచి వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు.

ఎండ వాలేక డాక్టరు వచ్చేడు. మొహానికున్న గుడ్డ కిందికి లాగేడు. "మొత్తం వచ్చిందమ్మా. మేం వెళ్ళేసరికి మెత్తగా పడుకుని ఉంది, బుస లేదు. రక్తం పెద్దగా పోలేదు. ఇక నీళ్ళు వదిలి చూడాలి."

లోపల శ్రీదుర్గ గొట్టాల మధ్య నిద్రపోతోంది. తలంతా తెల్లటి కట్టు. డాక్టరు కట్టు అంచున స్టెతస్కోపు ఆనించి, చెవుల్లో పెట్టుకునేవి రెండూ అమ్మాజీకిచ్చేడు. ఆ చప్పుడు తనకంటే ఆవిడకే బాగా తెలుసన్నాడు. నర్సు అమ్మాజీ ఫోను పట్టుకుని, ధర్మరాజుతో షట్టరు లేపండి అంది. ఫోనులోంచి షట్టరు కీచుమంటూ లేవడం, వెనకాలే నీళ్ళు విరుచుకుపడడం గదంతా వినిపించింది. ధర్మరాజు కేకేస్తున్నాడు, వదిలేనండి, నిండుగా వస్తున్నాయండి అని. తాతబ్బాయి తలుపు దగ్గర కళ్ళు మూసుకున్నాడు.

అమ్మాజీ విన్నది. ఇంకా విన్నది. హోరు లేదు. గుండె కొట్టుకునే చప్పుడు దూరంగా, నెమ్మదిగా, మనుషులందరికీ కొట్టుకున్నట్టే కొట్టుకుంటోంది.

"లేవు," అంది. "నీళ్ళు లేవు."

అప్పుడు ఏడ్చింది.

మెలకువ వచ్చేక శ్రీదుర్గ మంచినీళ్ళ గ్లాసుని తూము అంది. తండ్రిని బస్సు అంది. తాతబ్బాయి బస్సు అన్నా పలికేడు. కుడిచెయ్యి చెప్పినమాట వినేది కాదు. మాటలు ఒక్కొక్కటే, దారి తప్పిన కోళ్ళలాగా గూటికి చేరేయి. మళ్ళీ గొట్టం వేసి ఫిల్ము తీస్తే చిక్కు ఉన్నచోట ఏమీ లేదు. ఒక సాయంత్రం కిటికీవైపు చూస్తూ పడుకున్న పిల్ల, "అమ్మా," అంది. "అందరి తలలూ ఇలాగే ఉంటాయా? ఇంత నిశ్శబ్దంగా?"

"ఇలాగే ఉంటాయమ్మా."

"మరి చెప్పలేదేం?" అంది శ్రీదుర్గ. నిద్రపోయింది.

ఇంటికి వచ్చింది మధ్యాహ్నం నాలుగింటికి, మబ్బుగా ఉంది. వంతెన దగ్గర ఆటో ఆపించి బుచ్చిరాజు లోపలికి తొంగి చూసేడు. చేలో ఒక మూల తాలు పోయిందటగాని మిగతాది నిలబడిందట. ధర్మరాజు మళ్ళీ ఫోనులు చేస్తున్నాడని చెప్పేడు. "నీళ్ళు ఎప్పుడని అడిగితే వాళ్ళ అమ్మాయి సంబంధం దగ్గర్నుంచి మొదలెడతాడండి. మీరయితే ఒక్క మాట." అమ్మాజీ నవ్వింది. మబ్బు పట్టింది కదా, తొందరగా ఇంటికెళ్ళండని ఆయనే ఆటో పంపించేడు.

అమ్మాజీ ముందు దిగి, వసారా స్తంభం పట్టుకుని నిలబడి, ఆసుపత్రి నుంచి ఇల్లు చేరినవాళ్ళని లెక్కపెట్టుకుంది. సురేంద్ర ఇల్లు చేరేడని పొద్దున్నే వాళ్ళావిడ ఫోను చేసింది, ఎడమచేత్తో వల సర్దుతున్నాడట. ఒకరు. అవతలి మంచం పెద్దాయన దగ్గర లెక్క కాసేపు ఆగింది. ఆయన్ని లెక్కలో వెయ్యలేకపోయింది, వదిలి ముందుకీ పోలేకపోయింది. తాతబ్బాయి ఆటోలోంచి సంచులు దింపుతున్నాడు. ఇద్దరు. శ్రీదుర్గ నాయనమ్మ చెయ్యి పట్టుకుని మెట్టు దగ్గర నిలబడింది. ఏ కాలు ముందు వెయ్యాలో ఆలోచించి, బద్ధకంగా ఉన్న కుడికాలే ఎత్తి, కొంచెం ఆలస్యంగా, మెట్టు మీద పెట్టింది.

ముగ్గురు.