సోల మీద గుట్ట

బియ్యం ఏరాలి, పప్పు కడగాలి, ఆకుకూర తరగాలి, గుడ్లు ఉడకబెట్టాలి, గంట కొట్టేసరికి అరవైనాలుగు మంది పిల్లలకు వడ్డించాలి. గజపతినగరం దగ్గర ఒక ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే దాలమ్మకు రోజూ ఇవే పనులు. అన్నిటికంటే ముందు బియ్యం కొలవాలి. ఆ పని నాది.

నేను ఒక ఇత్తడి సోలను. బుడితి ఊరి కంచరి ఒకాయన నన్ను చేసి, అంచు నున్నగా రుద్ది, దాలమ్మ తల్లి సన్యాసమ్మకు అమ్మాడు. ఆమె నాతో అంచుదాకా కొలిచి ఎరగదు. మీద గుట్ట కట్టి, రాలబోయే గింజలకు అరచెయ్యి అడ్డం పెట్టేది. అంత శ్రద్ధగా రుద్దిన నా అంచును ముప్పై ఏళ్లు ఎవరూ చూడలేదు. మనుషులకు కొలత కావాలి. కొలత దగ్గర ఆగడమే నామోషీ.

దాలమ్మకూ అదే చెయ్యి వచ్చింది. రోజూ బడిలో అన్నం మిగిలేది. పారబోయడానికి మనసొప్పక తనే తినేది. షుగరు వచ్చాక మాత్రలూ మింగింది, మిగిలిన అన్నమూ మింగింది.

ప్రతి పిల్లనూ పేరు పెట్టి పిలిచి వడ్డించే దాలమ్మ, ఒకరోజు పావనిని ‘భారతీ’ అంది. పిల్లలు నవ్వారు. దాలమ్మ గరిటె ఆగిపోయింది. ఏళ్ల తరబడి షుగరును లెక్కచేయని సన్యాసమ్మ ఇప్పుడు ఇంట్లో కూర్చుని, కన్నకూతుర్నే ‘నువ్వెవరివమ్మా’ అని అడుగుతోంది మరి.

ఆ రోజే పిల్లలకు ఐరన్ మాత్రలివ్వడానికి నర్సమ్మ బడికి వచ్చింది.

“అమ్మ జబ్బు నాకూ వస్తాదేటి, నర్సమ్మా?”

“ఒక్క పేరు తప్పితే జబ్బేటి పిన్నీ? నేను మా ఆయన్ని మా తమ్ముడి పేరుతో పిలుస్తుంటాను. అయితే షుగరూ బీపీ ఏళ్ల తరబడి అదుపు తప్పితే మెదడుకీ చేటే. అదుపులో ఉంటే రాదని రాసివ్వలేను గాని, వచ్చే అవకాశం తగ్గుతాది. ఇంతకీ నీ పళ్లెంలో అదేటి, అన్నమా, కొండా?”

“మిగిలింది.”

“రోజూనా?”

“మిగలకపోతే అది వంటేటి?”

నర్సమ్మ నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. “మిగిలేలా కొలిచీసి, మిగిలిందని తింతన్నావు.”

మర్నాడు దాలమ్మ నా మీద గుట్ట కట్టింది. కాసేపు చూసింది. అరచేత్తో తుడిచేసింది. నా అంచుకు వెలుతురు తగిలింది. పప్పులో ఆకుకూర పెంచింది. పిల్లలు కడుపునిండా తిన్నారు, గిన్నె ఖాళీ అయింది. ఆమె పళ్లెంలో కొండ కరిగింది.

ఆరు నెలలకు షుగరు దిగింది. ఇక భయం లేదని నేననను. కొలపాత్రను, ఉన్నదానికి మించి చెప్పకూడదు. అరవైనాలుగు పేర్లూ మాత్రం తడుముకోకుండా పిలుస్తోంది. మొదటి పిలుపు పావనికే.

ఆదివారాలు నన్ను ఇంటికి తీసుకెళ్లి తల్లి ఒళ్లో పెడుతుంది. కూతుర్ని పోల్చుకోలేని సన్యాసమ్మ, నన్ను చూడగానే లేని బియ్యం గుట్టగా పోసి, రాలిపోకుండా అరచెయ్యి అడ్డం పెడుతుంది.

“చాల్లేవే అమ్మా, తుడిచీ” అని దాలమ్మ నవ్వుతుంది.

ఆ తల్లి పేరు ఆమెకే గుర్తులేదు. సన్యాసమ్మ. మీ ఇంట్లో బియ్యం కొలిచేటప్పుడు ఒక్కసారి మీరైనా ఆ పేరు గుర్తుచేసుకోండి.