చెరుకాకు సెహ్రా

పొద్దున నమాజు కాగానే ఖాతూన్ చేసే మొదటి పని, చేటలో గుప్పెడు జొన్నలు పోసుకుని పెరట్లోకి పోవడం. అక్కడ బావి మీదికి ఒక తుమ్మచెట్టు వంగి ఉండేది. దాని కొమ్మలకు గిజిగాళ్ల గూళ్లు వేలాడేవి. గింజలు చల్లి, రాలిన గడ్డిపోచలు ఊడ్చి, ఆ తర్వాతే ఆమె పొయ్యి ముట్టించేది. బోధన్ పక్కనున్న ఆ ఊళ్లో ఏ ఇంట్లోనైనా తెల్లారేది అట్లాగే. ప్రతి ఇంటికీ దాని పిట్టలు దానికి ఉండేవి.

పిట్టల్లేకుండా అక్కడ పెళ్లిళ్లు జరగవు మరి. సంబంధం కుదిరితే పిల్లవాడి ఇంటి మొగపిట్ట గడ్డి సన్నగా చీల్చి, పెళ్లికొడుకు నుదుటికి కట్టే సెహ్రా అల్లేది. హిందువుల ఇంట్లో అయితే బాసింగం అల్లేది. దాన్ని పిల్ల ఇంటికి తీసుకుపోయి కొమ్మకు కట్టేవాళ్లు. ఆ ఇంటి ఆడపిట్ట వచ్చి, ముక్కుతో నాలుగు పోచలు లాగి చూసి, కుదురుగా కూర్చుంటే ఖాజీ నిఖా చదివేవాడు, అయ్యగారు లగ్గం పెట్టేవాడు. కూర్చోకపోతే లేదు. తాసీల్దారు సంతకం లేకుండా ఎన్ని పట్టాలు నడిచాయో గానీ, పిట్ట కూర్చోకుండా ఆ ఊళ్లో ఒక్క పెళ్లీ నడవలేదు. పిట్టలు అల్లిన సెహ్రాలకు మల్లెలు గుచ్చి ఇవ్వడం ఖాతూన్ వాళ్ల పని.

ఖాతూన్‌ను చిన్నప్పుడే మేనత్త కొడుకు లతీఫ్‌కు అనుకున్నారు. లతీఫ్ చిన్నప్పటి నుంచీ ఖాతూన్ వాళ్లింట్లోనే పెరిగాడు. చెల్లెలు పుట్టిన కొద్ది నెలలకే అతని తల్లిదండ్రులు పోయారు. యాభై ఏడులో చందూరు దిక్కు కొత్త కాలువ నీళ్లు పారాయి. అక్కడ తండ్రి విడిచిన జొన్నచేనులో చెరుకు వేస్తానని అతను బయల్దేరాడు. ఏడాది పిల్ల చెల్లెలు కుబ్రాను చంకనెత్తుకున్నాడు. ఇంటి పిట్టల్లో సగం, పన్నెండు జతలు, గంపల్లో పెట్టి బండెక్కించాడు. ఖాతూన్‌కు దాదీ, లతీఫ్‌కు నానీ అయిన జహీరున్నీసా బండికి అడ్డం నిలబడింది.

"బిడ్డా, ఏడాదికొక్కపారి పిట్టలను కలపాలె. మిరుగు నాడు కాలువ తుమ్మ మీద ఇవీ అవీ కలిసి జత కట్టాలె. గట్ల కలపకపోతే, ఒక్క చెట్టున పుట్టినయే ఒకదాన్నొకటి గుర్తువట్టయి."

"నీ మీద ఒట్టు నానీ. తప్పకుంట కలుపుత," అన్నాడు లతీఫ్. ఖాతూన్ దిక్కు తిరిగి, పంట చేతికి రాగానే తన పిట్టతో సెహ్రా అల్లించుకుని వస్తానన్నాడు. ఆమె నమ్మింది. నమ్మకపోవడానికి అప్పటికి కారణమేమీ లేదు.

మొదటి రెండేళ్లు మాట నిలబెట్టుకున్నాడు. తొలకరి పడే మిరుగు కార్తె రోజున ఇద్దరూ రెండు ఊళ్ల మధ్య కాలువ గట్టు మీది తుమ్మ దగ్గర గంపలు తెరిచేవాళ్లు. మిగతా రోజుల్లో తమ చేను దాటని పిట్టలు ఆ ఒక్కరోజు కలగలిసి, సాయంత్రానికి ఎక్కడివి అక్కడికి చేరేవి. మూడో ఏడు అతను కబురు పంపాడు. చెరుకు పనితో తీరిక లేదట. తన గంపలు అక్కడే తెరుస్తాడట, పిట్టలకు దారి తెలుసట, నువ్వు ఇంట్లోనే తెరువు చాలన్నాడు. ఖాతూన్ తెరిచింది. పిట్టలు పోయాయి, వచ్చాయి. ఆ తర్వాత ఏటా అదే కబురు, ఏటా అదే నమ్మకం.

ఈలోగా చెరుకు తన పని తాను చేసుకుపోయింది. చెరుకాకు మందం, అంచు రంపం. సన్నముక్కు పిట్టలు దాన్ని చీల్చలేకపోయాయి. చీల్చిన కాస్తతో కట్టిన గూళ్లు తొలి గాలికే గుడ్లతో సహా కాలువలో పడ్డాయి. మొద్దుముక్కు పిట్టల గూళ్లు నిలిచాయి, వాటి పిల్లలే మిగిలాయి. ఇటువైపు గడ్డి నూలుపోగంత సన్నం. ఇక్కడ మొద్దుముక్కు పుడితే పోచ పుటుక్కున తెగేది. తరం తర్వాత తరం అటు ముక్కులు లావెక్కాయి, ఇటు సన్నబడ్డాయి. అటు పిట్ట పాట కూడా బరువెక్కి, గొంతు తగ్గింది. ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు. ఏ ఆకు దగ్గర బతకాలో ఆ ఆకే పిట్టను ఎంచుకున్నది.

అరవై నాలుగులో లతీఫ్ సెహ్రా తెచ్చాడు. చెరుకాకుతో అల్లింది, చేటంత వెడల్పు, తాడంత గట్టి. ఊరంతా చూస్తుండగా తుమ్మకొమ్మకు కట్టారు. ఖాతూన్ ఇంటి ఆడపిట్టలు దాని పక్కనుంచి పోయాయి, పైనుంచి పోయాయి. అది సెహ్రా అనే వాటికి తోచలేదు. మూడు రోజులు చూసి, రాసిపెట్టి లేదని పెద్దలు లేచిపోయారు. లతీఫ్ తలపట్టుకుని ఏడుస్తుంటే, అతన్ని ఓదార్చింది కూడా ఖాతూనే.

ఓదార్చి, ఒక దారి చెప్పింది. నలభై దినాలు ఎవరింటి ఉప్పు తింటే వాళ్లు ఆ ఇంటివాళ్లేనని ఊరి కట్టు.

"నువ్వే ఈ ఇంటికి రారాదు? గప్పుడు మా మొగపిట్టనే నీకు అల్లుతది."

"చెరుకు ఇడిసిపెట్టి ఎట్ల వస్త ఖాతూన్," అన్నాడతను, ఆమె ముఖం చూడకుండా.

రెండు నెలలు తిరగకుండా అక్కడి చెరుకు మేస్త్రి కూతురితో అతని నిఖా అయింది. చెరుకాకు సెహ్రాలో చెరుకు తోట ఆడపిట్ట ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా కూర్చుందట. ఆ సంగతి చెప్పింది ఆత్మారాం, ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలే మరాఠీ ఆయన. మంచినీళ్లు తాగడానికి ఆగి, ఇంకో మాట కూడా చెప్పాడు.

"లతీఫ్ భాయ్ మిరుగు ముందటి దినమే పిట్టలన్నిటినీ గంపల కింద మూసి, మీద గోనెసంచులు కప్పుతుండె అక్కా. నా కండ్లతోటి చూసిన. గా ఊరి పిట్టలతోటి కలిస్తే పిల్లల ముక్కులు సన్నగయితయి, గూళ్లు నిలువయి అంటుండె."

ఖాతూన్ చెంబు అందుకుని లోపలికి పోయింది. రాసిపెట్టి లేకపోవడం వేరు, ఒకడు చెరిపేయడం వేరు. అయిదేళ్లు ఇక్కడ తను గంపలు తెరుస్తుంటే అక్కడ అతను మూశాడు. తనను వద్దనుకుంటే ఒక్క మాట చెబితే పోయేది. ఆ మాట పిట్టతో చెప్పించాడు, పైగా ఏడ్చి తన చేత కళ్లు తుడిపించుకున్నాడు. ఆ ఓదార్పు తలుచుకున్నప్పుడల్లా ఆమె చేతులు మండేవి. ఇంకో సంబంధం చూస్తామంటే వద్దన్నది. వేరేవాళ్ల సెహ్రాలకు మల్లెలు గుచ్చుతూ పదకొండేళ్లు గడిపింది. దాదీ పోయింది, పెరడు ఆమెకు మిగిలింది.

డెబ్బై అయిదు మిరుగుకు ముందు లతీఫ్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పక్కన పందొమ్మిదేళ్ల కుబ్రా ఉంది. బోధన్ బజారులో గడియారాలు బాగుచేసే అయ్యూబ్‌కు ఆమెను ఇవ్వాలని మాట. వాళ్లది ఇటువైపు ఇల్లు, గడ్డి అల్లే పిట్టలు. వాళ్లు పంపిన సెహ్రాను చెరుకు పిట్టలు ముక్కుతో తాకను కూడా తాకలేదు. ఈసారి మిరుగుకు రెండు గుంపులనూ కలుపుదామని అడగడానికి వచ్చాడు.

ఖాతూన్ కాదనలేదు. మిరుగు నాడు తెల్లవారగానే కాలువ తుమ్మ దగ్గర ఇద్దరూ గంపలు తెరిచారు. రెండు గుంపులూ ఒకే చెట్టెక్కాయి. ఇవి తూర్పు కొమ్మల మీద, అవి పడమటి కొమ్మల మీద వాలాయి. ఒకదాని పాట ఇంకోదానికి పాట కాలేదు. చీకటి పడేదాకా చూసినా ఒక్క జత కట్టలేదు.

"ఇగ కలువయి లతీఫ్. ఇవి వేరే, అవి వేరే. నువ్వు గోనెసంచి కప్పినప్పుడు ఇంకా ఒక్కటే జాతి ఉండె," అన్నది ఖాతూన్.

కుబ్రా చెట్టు దిక్కే చూస్తున్నది. ఆ ముఖం ఖాతూన్‌కు తెలుసు. పదకొండేళ్ల కింద అద్దంలో చూసిందే. ఆ పిల్ల ఏం చేసిందని?

"నలభై దినాలు నా ఇంట్ల ఉంటవా బిడ్డా? నా ఇంటి పిల్లవయితే నా పిట్ట కూసుంటది."

"ఉంట ఆపా," అన్నది కుబ్రా, అన్నను అడగకుండానే.

"నాకు ఒక్కటే కావాలె లతీఫ్. ఖాజీ అడిగినప్పుడు పిల్ల ఎవరింటిదో నువ్వే చెప్పాలె. ఎందుకో కూడ చెప్పాలె."

నలభయ్యో రోజు అయ్యూబ్ ఇంటి సెహ్రాను తుమ్మకొమ్మకు కట్టగానే ఆడపిట్ట వచ్చి, నాలుగు పోచలు లాగి, రెక్కలు సర్దుకుని కూర్చుంది. పిల్ల ఎవరింటిదని ఖాజీ అడిగాడు. లతీఫ్ లేచి నిలబడి గంపల సంగతీ, గోనెసంచుల సంగతీ ఊరందరి ముందూ చెప్పాడు. చెప్పి, పిల్ల ఖాతూన్ ఇంటిదన్నాడు. పెద్దలు గడ్డాలు సవరించుకున్నారు. ఖాతూన్‌కు సంతోషం కలగలేదు. కలుగుతుందని పదకొండేళ్లు అనుకున్నది.

అప్పగింతలప్పుడు కుబ్రా ఖాతూన్ మెడ పట్టుకుని ఏడ్చింది. చుట్టాలందరికీ చేసినట్టే అన్నకు సలాం చేసి బండెక్కింది.

జనం పోయాక లతీఫ్ పెరట్లోకి వచ్చాడు. చిన్నప్పుడు ఈ పిట్టలు అతని భుజాల మీద వాలేవి. మూలనున్న చేట తీసుకుని గుప్పెడు జొన్నలు చల్లాడు. తుమ్మ మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి బావి అవతలికి పోయాయి. అతను ఇంకో గుప్పెడు చల్లి చాలాసేపు నిలబడ్డాడు. ఒక్కటీ దిగలేదు.

ఖాతూన్ వచ్చి అతని చేతిలోంచి చేట తీసుకుంది. అతను గేటు దాటేదాకా ఆగి, గింజలు చల్లింది.