పాల తోడు

గోరువెచ్చని పాలు.

చిటికెన వేలు ముంచితే కాలకూడదు. చల్లగానూ తగలకూడదు. ఆ మధ్య వేడిలో పాలకు ఒక వాసన ఉంటుంది — పొయ్యి మీద ఉన్నప్పుడు రాదు, పెరుగయ్యాక మిగలదు.

ఎనభై ఐదు జనవరిలో, ఫలక్‌నుమాలో, షౌకత్ బీ వంటింటి గడప మీద కూర్చుని ఆ వాసన పీల్చాను. నా సంచిలో ఒక కాగితం ఉంది. ఆ కాగితం మీద నేను గీసిన ఒక గీత తప్పు. ఆ తప్పు ఒప్పుకోవడానికే వెళ్లాను.

ఆమె నా వైపు చూడలేదు. పాలలో వేలు ముంచి చూసుకుంది.

“ఇంక వేడున్నయి,” అంది.

కూర్చున్నాను.

*

గీతలు గీయడం నా ఉద్యోగం.

మలక్‌పేటలో రెండు గదుల సలహా కేంద్రం మాది. తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు దిగే జబ్బుల సంగతి అడిగి రాసుకునేవాళ్లం. ఒక గదిలో డాక్టర్ శ్రీహరిరావు గారు. ఇంకో గదిలో నేను, నా పెన్సిలు, నా రబ్బరు. నా పేరు రాజరాజేశ్వరి. మా ఆయన ఉద్యోగం వెంట గుడివాడ నుంచి ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్లు. అంత పొడుగు పేరు ఎవరు పిలుస్తారు... అందరికీ రాజమ్మ మేడమ్‌ని.

మగవాడికి నలుచదరం గడి. ఆడమనిషికి సున్నా. జబ్బుంటే లోపల నలుపు. మనిషి పోతే ఏటవాలుగా ఒక గీత. తల్లి నుంచి బిడ్డకు నిలువుగీత.

తనకు జబ్బు లేకుండా, బిడ్డకు ఇవ్వడానికి మోస్తున్న ఆడమనిషికి — సున్నా మధ్యలో ఒక చుక్క.

ఒక చుక్క. అంతే.

ఎంత పెద్ద వంశమైనా అరఠావులో పట్టించేదాన్ని. నా గీతలు అచ్చు వేసినట్టుంటాయని డాక్టరు గారు పదిమందిలో మెచ్చుకునేవారు. ఆ మెప్పు నా నెత్తికెక్కింది. గీత తిన్నగా ఉంటే మాట కూడా తిన్నగా ఉన్నట్టే అనుకున్నాను.

*

షౌకత్ బీ మా దగ్గరికి వచ్చింది ఎనభై రెండు చివర్లో.

కొత్త పెళ్లికూతురు. బుర్ఖా ముసుగు వెనక్కి వేసుకుని, గోరింట ఇంకా వదలని చేతులతో నా బల్ల అంచు పట్టుకుంది. భర్త అజ్మత్ అలీ, కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి, సైకిల్ పట్టుకుని బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే సిగ్గుపడ్డాడు.

ఆమె అడగడానికి వచ్చింది ఒక్కటే. బిడ్డను కనవచ్చా... కనకూడదా.

“తోబుట్టువులు ఎంతమందమ్మా?” అన్నాను.

“ఏంది?”

“అన్నదమ్ములు.”

“ఒక్కడే మేడం. నా భాయ్. ఖయ్యూం.” ఆగింది. “ఇప్పుడు లేడు.”

తొమ్మిదేళ్లకు పోయాడట. పాలపన్ను ఊడింది. నెత్తురు ఆగలేదు. మూడు పగళ్లు పక్కన కూర్చుని గుడ్డలు మార్చింది షౌకతే. తెల్ల గుడ్డ ఇస్తే ఎర్ర గుడ్డ తిరిగిచ్చేవాడు. అక్క ఏడుస్తుంటే నవ్వించడానికి నవ్వేవాడు — ఎర్రటి పళ్లతో.

“నాకు కొడుకు పుడితే...” అంది షౌకత్. “వానివి గూడ పండ్లు ఊడుతయి గద మేడం.”

అందరి కొడుకులకూ పళ్లు ఊడతాయి. ఆ మాట ఆమెకు చెప్పలేక పెన్సిల్ చెక్కుకున్నాను.

గీశాను. పైన తల్లి, ఉప్పుగూడలో ఉండే వజీరున్నీసా — సున్నా. కిందికి రెండు నిలువుగీతలు. ఒకదాని కింద షౌకత్. ఒకదాని కింద ఖయ్యూం. అతని గడి నల్లగా నింపి, ఏటవాలు గీత కొట్టాను.

డాక్టరు గారు కాగితం చూసి నెమ్మదిగా చెప్పారు. ఇది తల్లి మోసి కొడుక్కి ఇచ్చే జబ్బు. తమ్ముడికి ఉందంటే, అక్క కూడా మోస్తుండే అవకాశం సగం. ఆమె మోస్తుంటే, పుట్టే ప్రతి కొడుక్కీ వచ్చే అవకాశం మళ్లీ సగం. రూఢిగా తేల్చే పరీక్ష మా దగ్గర లేదు.

“సగం అంటే నాకు పూరానే సాబ్,” అంది షౌకత్.

ఆమె మొహం చూసి ఆయన ఇంకో సంగతి ఎత్తుకున్నారు. మనిషిలోని జన్యువు ఒకదాన్ని తీసి, కంటికి కనబడని సూక్ష్మజీవిలో పెడుతున్నారట. అది పెరిగి, రెండై, నాలుగై, పెద్ద పెద్ద పీపాల నిండా పెరిగి, మనిషికి కావలసిన మందును తయారు చేస్తుందట. చక్కెర జబ్బుకు అట్లా చేసేశారు. రేపో మాపో నెత్తురు గడ్డకట్టే మందూ చేస్తారు.



“పాలకు తోడేసినట్లు,” అంది షౌకత్.

డాక్టరు గారు కళ్లజోడు తీసేశారు. ఇంత తేలిగ్గా నేను ఎవరికీ చెప్పలేకపోయానమ్మా, అన్నారు.

ఆమె సున్నా మధ్యలో నేను చుక్క పెట్టాను. పక్కన ఒక ప్రశ్న గుర్తు. నా చేత్తోనే పెట్టాను.

*

ఆ తరువాత ఆమె వస్తూనే ఉండేది.

“ఆ మందు వచ్చిందా మేడం?”

“ఇంకా రాలేదమ్మా.”

మామిడిపళ్లు వచ్చి వెళ్లిపోయేవి. వానలు వచ్చి వెళ్లిపోయేవి. మా గోడ మీద క్యాలెండరు మారేది. షౌకత్ వచ్చేది.

“ఆ మందు వచ్చిందా మేడం?”

“ఇంకా రాలేదమ్మా.”

సంచిలో ఎప్పుడూ ఒక చిన్న టోపీ ఉండేది. నా పిడికిలికి సరిపోయేంత. అంచున తెల్లదారంతో మల్లెమొగ్గలు కుట్టి ఉండేవి. ఎవరికమ్మా అంటే, పక్కింట్ల పిల్లగానికి, అనేది. ప్రతిసారీ పక్కింటికే. ఆ గల్లీలో పుట్టిన ప్రతి బిడ్డ నెత్తి మీదా ఆమె చేతి టోపీ ఉండేది. ఆమె ఒళ్లో మాత్రం ఉత్త దారపు ఉండ.

అత్తగారు తాయెత్తు కట్టించింది. అజ్మత్ అలీ బయట సైకిల్ పట్టుకుని నిలబడేవాడు. ఆమె బయటికి రాగానే మొహం చూసేవాడు, చూసి బెల్లు తుడుచుకునేవాడు.

ఆ మనిషి బెల్లు తుడుచుకోవడం కిటికీలోంచి చూసినప్పుడల్లా పెన్సిల్ చెక్కడంలో పడిపోయేదాన్ని.

*

ఎనభై నాలుగు చివర్లో డాక్టరు గారు ఒక పత్రిక పట్టుకుని దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు. నెత్తురు గడ్డకట్టించే జన్యువు దొరికిందట. ఇక మందు రావడం ఎంతో దూరం లేదట. నెత్తురు జబ్బు ఇళ్లవాళ్ల కాగితాలన్నీ కొత్త రిజిస్టరులోకి ఎక్కించమన్నారు.

ఎక్కిస్తున్నాను. షౌకత్ కాగితం వచ్చింది.

అంచున నా రాతే. పుట్టిన తేదీలు ఆమెకు తెలియక పండుగలతో చెప్పింది, నేను అట్లాగే రాసుకున్నాను. షౌకత్ — రంజాన్ నెల. ఖయ్యూం — దాని వెంటనే వచ్చిన పీర్ల పండుగ.

రంజాన్ నుంచి పీర్ల పండుగకు వేళ్ల మీద లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను.

నాలుగు నెలలు.

ఏ తల్లి నాలుగు నెలల తేడాలో ఇద్దరిని కంటుంది!

ఇద్దరు బిడ్డల తల్లిని నేను. ఆ కాగితం రెండేళ్లు నా బీరువాలో ఉంది. రెండేళ్లుగా ఆమె టోపీలు కుడుతోంది. అద్దంలో నా మొహం చూసుకోవడానికి కూడా ఆ రోజు ఇష్టం లేకపోయింది.

*

ఉప్పుగూడ స్టేషన్లో దిగి, దారి అడుగుతూ వెళ్లాను. వజీరున్నీసా వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. ఖయ్యూం పేరు ఎత్తగానే చేట ఆగిపోయింది.

“నేను కనలే బేటీ,” అంది. “నేను పాలిచ్చిన.”

ఖయ్యూం కన్నతల్లి పక్క పోర్షన్లో ఉండేదట. కాన్పయిన మూడో రోజు పోయింది. తండ్రి బండి తోలుకుంటూ ఎటో వెళ్లాడు, తిరిగి రాలేదు.

“ఆమె తమ్ముళ్లు ఇద్దరు గూడ గిట్లనే నెత్తురు పోయి సచ్చిన్రంట. నాకేం తెలుసు? అప్పుడు నా షౌకత్‌కి నాలుగు నెలలు. ఒక దిక్కు ఇది, ఒక దిక్కు వాడు. ఇది తాగితే వాడు ఏడుస్తుండె, వాడు తాగితే ఇది.”

చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

“తొమ్మిదేండ్లు అమ్మీ అన్నడు. కొడుకు కాదని నీ కాగితంల రాస్తవా?”

లేచి స్టేషనుకు వచ్చాను. మలక్‌పేట వైపు వెళ్లే బండి ఎక్కలేదు. ఫలక్‌నుమా వైపు ఎక్కాను. దారిలో పావుకిలో కలాకంద్ కొన్నాను... ఎంత తెలివితక్కువదాన్ని. శుభవార్త తీసుకెళ్తున్నాననుకున్నాను.

*

“ఖయ్యూంను మీ అమ్మ కనలేదని నీకు తెలుసా షౌకత్?”

“ఎరుకే. దూద్ భాయ్. గల్లీల అందరికి ఎరుకే.”

“మరి నాకెందుకు చెప్పలేదమ్మా?”

“మీరు భాయ్ అని అడిగిన్రు. భాయ్ ఉన్నడని చెప్పిన.” ఆమె గొంతులో దాపరికం లేదు. “ఒక్క తల్లి పాలు తాగినోళ్లకు నికా హరామ్ మేడం, పెండ్లి చేసుకోవద్దు. నెత్తురు ఒక్కటి కాకపోతే ఎందుకు హరామ్ చేస్తరు?”

 ఆమె లెక్కలో తప్పు లేదు. నా ప్రశ్నే కురచ. ఒకే కడుపున పుట్టారా అని ఒక్క మాట అడిగి ఉంటే...

“జన్యువు పాలల్లో రాదు షౌకత్,” అన్నాను. “కడుపులో పడ్డప్పుడే వచ్చేస్తుంది. వాడి జబ్బు వాణ్ని కన్న తల్లి నుంచి వచ్చింది. మీ అమ్మది కాదు. నీది కాదు. నువ్వు మోయడం లేదు. ఎప్పుడూ మోయలేదు. అందరు తల్లుల్లాగే నువ్వూ కనవచ్చు.”

ఆమె నవ్వుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. రెండేళ్లు పోగొట్టినందుకు నన్ను తిడుతుందని కూడా అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె చిటికెన వేలి గోరు చూపించింది.

“ఇంత గూడ లేడా?”

“ఏమిటమ్మా?”

“నాల ఖయ్యూం... ఇంత గూడ లేడా?”

కలాకంద్ పొట్లం మా ఇద్దరి మధ్యా ఉంది. దాని మీద ఈగ వాలింది. ఇద్దరం తోలలేదు.

“భయమైతుండె మేడం. దినాం భయమైతుండె. గాని వాడు నాతోనే ఉన్నడనుకున్న. మీరు చుక్క పెట్టిన్రు గద... గది వాడే అనుకున్న.”

రెండేళ్లు. నేను జబ్బు అని పెట్టిన చుక్కను ఆమె తమ్ముడనుకుని మోసింది.

“నన్ను క్షమించు,” అన్నాను. చాలా చిన్న మాట అది. అంతకంటే పెద్దది నాకు రాలేదు.

ఆమె తల ఊపింది. అది క్షమించడమో, విన్నానని చెప్పడమో.

కాగితం తీశాను. రబ్బరు తీశాను. ఆమె సున్నా మధ్యలోని చుక్కను చెరిపాను. ప్రశ్న గుర్తును చెరిపాను. పెన్సిలు గీత కదా... సులభంగా పోయింది. తరువాత వజీరున్నీసా నుంచి ఖయ్యూంకు దిగిన గీత మీద రబ్బరు పెట్టబోయాను.

షౌకత్ అరచెయ్యి ఆ గీత మీద పడింది.

“గది వద్దు.”

“తప్పు గీతమ్మా అది.”

“ఉండనియ్యుండ్రి.”

గోరింట లేని చెయ్యి ఇప్పుడు. వేళ్ల కొసలకు సూది గుచ్చుకున్న మచ్చలు. రబ్బరు పక్కన పెట్టాను.

“పెంచుకున్న బిడ్డలకు మా పద్ధతిలో చుక్కల గీత ఉంటుంది,” అన్నాను చివరికి. “పాలిచ్చిన బిడ్డలకు మాత్రం ఏ గుర్తూ లేదు.”

చాలాసేపు కాగితం చూసింది. చెయ్యి తీసింది.

“చుక్కలే పెట్టుండ్రి. పాలచుక్కలనుకుంట.”

గీత చెరిపాను. తల్లి నుంచి కొడుకు దాకా చుక్కలు పెట్టుకుంటూ వచ్చాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మొదటిసారి నా చుక్కలు వంకర పోయాయి. చెరిపి మళ్లీ పెట్టలేదు.

*

పాలు గోరువెచ్చగా అయ్యాయి.

షౌకత్ గూట్లోంచి చిన్న గిన్నె తీసింది. అడుగున కాస్త పెరుగు.

“అమ్మ ఇంటి తోడు,” అంది. “పెండ్లినాడు తెచ్చుకున్న. ఒక్క దినం గూడ తప్పలే. వాడు తిన్న పెరుగు గూడ ఇదే.”

చెంచాతో తీసి పాల మధ్యలో వదిలింది. పైనుంచి చూశాను. గుండ్రటి గిన్నె. మధ్యలో తెల్లటి చుక్క. నేను ఇప్పుడే చెరిపిన చోట... చుక్క.



బయట సైకిల్ బెల్లు మోగింది. అజ్మత్ అలీ మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, అలవాటుగా భార్య మొహం చూశాడు. ఆమె అతని వైపు చూసింది, నా వైపు చూసింది. అతను బెల్లు తుడుచుకోవడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

“ఆ మందు వచ్చిందా మేడం?” అంది షౌకత్.

“ఇంకా రాలేదమ్మా. నీకిక దానితో పని లేదు.”

“నాకు కాదు. ఖయ్యూం అసుంటి పిల్లగాండ్లు ఉంటరు గద. వస్తే చెప్పుండ్రి.”

గిన్నె మీద మూత పెట్టింది. చలికాలం కదా, చుట్టడానికి గుడ్డ కోసం దారాల బుట్టలో వెతికింది. సగం కుట్టిన టోపీ ఒకటి చేతికి వచ్చింది. మల్లెమొగ్గలు సగం దాకానే ఉన్నాయి.

“పక్కింటికా?” అన్నాను.

ఆమె టోపీని మళ్లీ బుట్టలో పెట్టలేదు. ఒళ్లో పెట్టుకుంది. భర్త పాత స్వెట్టరు తీసి గిన్నె చుట్టూ చుట్టింది. నేను సాయం చేయబోయి గిన్నె మీద చెయ్యి వేశాను.

“కదిలియ్యకుండ్రి మేడం,” అంది మెల్లగా. “చలికాలం. జల్ది తోడుకోదు.”

చెయ్యి తీసేశాను.

మూత సందులోంచి ఆ వాసన ఇంకా వస్తూనే ఉంది. కాలని, చల్లారని... గోరువెచ్చని పాలు.