కోడికాలు గుర్తు

"మూట విప్పు" అన్నాడు తుపాకీవాడు.

గిడ్డమ్మ విప్పింది. మూడు జొన్నరొట్టెలు, ఇంత ఊరిమిండి పచ్చడి, ఒక ఎర్రగడ్డ.

"గనిలో ఉండేది నీ మొగుడొగడే గదా? మూడు రొట్టెలేంటికి?"

"ఒగటి నాకు, రొండు ఆయప్పకు. రాయి కొట్టేటోడు ఒగ రొట్టెతో బతుకుతాడా నాయనా?"

"మనిషికి ఒగటే. ఎక్కువుంటే అడివికి పోతాంది అని అర్థం."

మూడో రొట్టెను వాడు దుమ్ములో పడేసి బూటుకాలితో తొక్కాడు. వాడేం పరాయివాడు కాదు, గిడ్డమ్మ పుట్టినూరివాడే. మొన్నటిదాకా తిమ్మారెడ్డి మామిడితోటకు కాపలా కాసినవాడు, ఇప్పుడు గ్రామరక్షక దళంలో చేరాడు. వాడి చేతిలోది యుద్ధంలో మిగిలిపోయిన తుపాకీ. బర్మాలో జపానువాళ్ళ మీద పేల్చమని చేసిన ఆ తుపాకీ బేతంచెర్ల పక్కన ఒక ఆడమనిషి సద్దిమూటకు కాపలాగా దిగింది.

ఇది నేను కళ్ళారా చూశాను. 1951, కరువు ఏడు. అప్పుడు నేను బేతంచెర్ల స్టేషన్లో గూడ్సు గుమాస్తాను. సుద్దగుంతల గనిలో తీసిన నాపబండలు ఎద్దులబండ్ల మీద నా దగ్గరికి వచ్చేవి, నేను వాటిని వాగన్లకు ఎక్కించేవాడిని. ఆ పూట ఎన్ని వాగన్లు కావాలో కనుక్కుందామని గనికి పోయాను. చూశాను, ఊరుకున్నాను. ఊరుకున్నానని కూడా మీకు చెప్పాలి. కార్మికులకూ విద్యార్థులకూ కథ చెప్పేవాడు తన సిగ్గును దాచుకుని ఇతరుల ధైర్యం చెప్పకూడదు.

దారి పక్కన జీపు మీద ఇంకొకడు కూర్చుని చూస్తున్నాడు. మలయా దొర అనేవాళ్ళు. తెల్లవాడు పోయాడని నలభై ఏడులో మనం మిఠాయిలు పంచుకున్నాం. ఈ దొర మలయాకు పోయి, అక్కడి రబ్బరుతోటల ఆసాముల కోసం కూలీలను వేటాడి, ఆ విద్యతో మళ్ళీ మన ఊరికే వచ్చాడు. సర్కారు ఉద్యోగి కాడు, సలహాదారుడట. పిలిపించింది తిమ్మారెడ్డి. గని రెడ్డిది, పోలీసు క్యాంపు పెట్టిన మామిడితోట రెడ్డిది, జీపులో పోసే పెట్రోలు రెడ్డిది. అడవిలో దాక్కున్నవాళ్ళను పట్టించిన పెద్దమనిషిగా పేరు సంపాదించి, రాబోయే ఓట్లలో నిలబడాలని ఆయన ఆశ. దొర ఆయనకు నేర్పిన విద్య ఒకటే. అడవిలోకి పోనక్కర్లేదు, ఊళ్ళో రొట్టెలు లెక్కపెట్టండి, ఆకలే వాళ్ళను బయటికి తెస్తుంది.

తెచ్చింది, కానీ ప్రాణంతో కాదు.

అడవిలో ఉన్నది ఓబన్న అయ్యవారు. సుద్దగుంతలలో బడి పెట్టి పిల్లలకు అక్షరాలు, పెద్దలకు సంఘం నేర్పిన మనిషి. గనిలో తాగడానికి నీళ్ళబండి కావాలని సమ్మె చేయించాడు. నీళ్ళు అడిగినందుకు ఆయన మీద వారంటు వచ్చింది, నల్లమల అడవి పట్టాడు. తొడలో తుపాకీ గుండు దిగి, పుండు చీము పట్టి, ఎనిమిది దినాలు రొట్టె ముక్క అందక ఒక గుహలో చచ్చిపోయాడు. ఆ ఎనిమిది దినాలూ గిడ్డమ్మ మూడో రొట్టె దుమ్ములోనే పడింది.

పీర్ల పండగ పదో రోజు గని మూశారు. ఊరంతా, సాయిబులనీ హిందువులనీ లేకుండా, నిప్పుల గుండం చుట్టూ అలాయి చిందులాడుతున్నారు. పోలీసులు కూడా అక్కడే చేరారు. తప్పెట్లు మోగుతుండగా పట్టపగలు ముగ్గురు మనుషులు పాత గనిగుంతలోకి ఓబన్న శవాన్ని మోసుకొచ్చారు. కంబన్న, పీర్ బాషా, ప్రేమయ్య. కంబన్న గిడ్డమ్మ మొగుడు, ఆ గనిలో అతన్ని మించిన పనివాడు లేడు. మిగతా ఇద్దరూ అతని జతగాళ్ళు. గొయ్యి తవ్వి అయ్యవారిని పూడ్చారు. నక్కలు తవ్వకుండా కంబన్న ఒక బండ పరిచాడు. అంచులు సరిచేశాడు. మూలన ఉలి పెట్టి మూడు దెబ్బలు వేశాడు.

ఇక్కడ మీకు గుర్తు సంగతి చెప్పాలి. రాయికొట్టే ప్రతివాడికీ తండ్రి ఇచ్చిన గుర్తు ఒకటి ఉంటుంది. పీర్ బాషాది నెలవంక, ప్రేమయ్యది సిలువ, కంబన్నది కోడికాలు. మూడు గీతలు ఒకచోట కలుస్తాయి. మూలన గుర్తు పడందే బండను చేతినుంచి వదలరు. గుర్తు లేని బండ తండ్రి లేని బిడ్డ అంటారు. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నట్టు, అది ఆలోచించి చేసే పని కాదు. కంబన్న దొంగతనంగా పూడ్చిన సమాధి మీద తన పేరు తానే రాసిపెట్టాడు. పక్కన నిలబడ్డ ఇద్దరూ చూస్తూనే ఉన్నారు, వాళ్ళకూ తప్పు తోచలేదు. పని పూర్తయిందనుకుని ముగ్గురూ మొహాలు కడుక్కుని పండగలో కలిశారు. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి.

నాలుగు రోజుల తర్వాత దొర స్టేషనుకు వచ్చాడు. వెంట ఇన్‌స్పెక్టరు. దొర జేబులోంచి ఒక కాగితం తీసి నా బల్ల మీద పరిచాడు. రాతి మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే వచ్చిన అచ్చు అది.

"ఇది దేనికి గుర్తో నీకేమైనా తెలుసా అని అడుగుతున్నారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బండ అంచు చూసి కొట్టినవాడి పేరు చెప్పగలనని నాకు గర్వం. స్టేషన్లో పందాలు కూడా కాసేవాళ్ళు. పట్నం ఆఫీసర్లు వచ్చి నా విద్యను అడిగితే పొంగిపోయాను. "కోడికాలండీ. సుద్దగుంతల కంబన్నది. అంత నున్నగా కొట్టేవాడు ఈ చుట్టుపక్కల లేడు" అన్నాను.

ఏ బండ మీదిది అని అడగాలని తోచలేదు. దొర నవ్వి సిగరెట్టు ఇచ్చాడు. తాగాను. ఆ రుచి ఇవాళ్టికీ నా నోట్లోంచి పోలేదు.

మర్నాడు పొద్దున గనిలో పని చేస్తున్న కంబన్నను చేతులు వెనక్కి విరిచికట్టి మామిడితోటకు తీసుకుపోయారు. ఆ కబురు బండ్లవాళ్ళు తెచ్చారు. అయ్యవారి సమాధి దొరికిందట, బండ మీద గుర్తు ఉందట.

రెండో రోజు ఊరివాళ్ళు ముప్పైమంది తిమ్మారెడ్డి మిద్దె ముందుకు పోయారు. నేనూ వెనకాల నిలబడ్డాను. రెడ్డి మెత్తగానే మాట్లాడాడు.

"కంబన్న నాకు బిడ్డట్లాంటోడప్పా. వాడు నోరిప్పల్ల, అంతే. గుంతకాడ ముగ్గురి అడుగులుండాయి. శవాన్ని మోసినోళ్ళు ఇంగా ఎవురు? రొండు పేర్లు. పొద్దుగూకేలోపల ఇంటికి పంపిస్తా. మీరు నాకు ఓట్లెయ్యండి, నేను మీకు మనిషినిస్తా."

"ఆయప్పను ఒగసారి చూపిచ్చు రెడ్డీ" అన్నది గిడ్డమ్మ.

"దొర ఒప్పుకోడమ్మా. నా చేతిలో యాముండాది?"

చూశారా? ఊరుకు ఊరు ఆయన చేతిలో ఉంది. మనిషిని ఇమ్మని అడిగితే మాత్రం దొర చేతిలో ఉంది. ఆ ఓట్లలో ఆయన గెలిచాడు, అబద్ధం చెప్పను. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఓట్లపెట్టె ఉండేది, సుద్దగుంతలలో మాత్రం ఆయన పెట్టె ఖాళీగా వెళ్ళింది.

ఆ సాయంత్రం పీర్ల చావిడిలో అందరూ కూడారు. ముందు లేచింది పీర్ బాషా.

"ఆ రొండు పేర్లు మావే. నేనూ ప్రేమయ్యా పోయి లొంగిపోతాం. కంబన్నను ఇడిసిపెడతారు."

"ఇడిసిపెడతారా?" బండలు మోసే నాగక్క గట్టిగా నవ్వింది. అరవై ఏళ్ళ మనిషి, మొగుణ్ణీ కొడుకునీ గనికే ఇచ్చింది. "మీరు పోతే ముగ్గురైతారు. ముగ్గురికీ బొక్కలిరిచి, ముప్పై పేర్లు అడుగుతారు. మీ పేర్లు చెప్పకుండానే గదరా వాడు ఆడ తన్నులు తింటాండేది? వాని దెబ్బలు ఊరికే పోవల్లనా?"

"మరి యాం చేద్దామంటావు? రెడ్డి కాళ్ళు పట్టుకుందామా?" అన్నాడు ఒక ముసలాయన.

"పట్టుకుంటే తప్పేముండాది?" అన్నాడు ఇంకొకడు.

"ఇన్నేండ్లు పట్టుకున్యాం గదా, యామొచ్చింది?" అన్నది నాగక్క.

అరుపులు పెరిగాయి. సమాధి గుర్తు ఎవరిదో పోలీసులకు ఎట్లా తెలిసిందని ఎవరో అడిగారు. గనిలో దొంగ ఉన్నాడన్నారు. ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టారు. దొరకు కావలసింది అదేనని నాకు అర్థమైంది. లేచి నిలబడ్డాను.

"చెప్పింది నేను. కాగితం చూపించి అడిగారు. తెలిసిన సంగతి కదా అని చెప్పేశాను."

ప్రేమయ్య నా మీదికి వచ్చి చొక్కా పట్టుకున్నాడు. కొట్టాలనే కోరుకున్నాను. గిడ్డమ్మ అడ్డం వచ్చింది.

"ఇడుసు ప్రేమన్నా. ఈయప్ప చెప్పకుంటే ఇంగొగడు చెప్పుంటాడు. గుర్తు కొట్టింది మా ఆయప్పే గదా. గుర్తు కొట్టకుండా ఉండలేడు మా ఆయప్ప. నా పెండ్లిలో నేను కాలు పెట్టిన తొక్కుడుబండ మీద గూడా కొట్న్యాడు." ప్రేమయ్య చెయ్యి నా చొక్కా మీంచి తీసేసింది. అందరి వైపూ తిరిగింది. "ఆ కోడికాలు ఒగనిది కాబట్టే ఒగన్ని పట్టుకపోయిరి. అందురిదీ అయితే? ఎవుర్ని పట్టుకపోతారు?"

అర్థమయ్యాక ప్రేమయ్య కిందికి చూస్తూ అన్నాడు.

"మా నాయన సచ్చేటప్పుడు నా చేతిలో పెట్టిన గుర్తు గిడ్డమ్మా, ఆ సిలువ. దాన్ని ఇడిసిపెట్టల్లనా?"

"ఇడిసిపెట్టల్ల" అన్నది నాగక్క.

పీర్ బాషా లేచాడు. వాళ్ళ ముత్తాత నాటి నుంచి నెలవంక. చావిడి గుమ్మం ముందు పడి ఉన్న తన బండ దగ్గరికి పోయి, నెలవంకను ఉలితో చెక్కేసి, ఆ చోట కోడికాలు కొట్టాడు. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం తడబడలేదు. ఆ వెనక ప్రేమయ్య ఉలి తీసుకున్నాడు.

మర్నాడు గనినుంచి నా దగ్గరికి వచ్చిన బండి తర్వాత బండి, బండ తర్వాత బండ, అన్నిటి మీదా కోడికాలే. ఎడమచేతివాటం వాడు కొట్టిన వంకర కోడికాలు, పండుముసలి కొట్టిన వణుకు కోడికాలు. బండ్ల వెనక గని గనంతా నడిచొచ్చింది. మధ్యాహ్నానికి జీపు కూడా వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఒక బండ మీద బూటు పెట్టి గుంపుకేసి అరిచాడు.

"ఎవడు కొట్టాడు దీన్ని?"

"నేను" అన్నాడు పీర్ బాషా. "నేను" అన్నాడు ప్రేమయ్య. "నేనప్పా" అన్నది ఉలి ఎన్నడూ పట్టని నాగక్క. ఇక అందరూ అన్నారు.

దొర నా వైపు తిరిగాడు. అదే నవ్వు. ఇన్‌స్పెక్టరు నా మెడ పట్టి బండల ముందుకు తోశాడు. "నీకు అంచు చూస్తే తెలుస్తుంది గదా? చెప్పు. ఇది ఎవరిది?"

తెలుసు. ప్రతి ఒక్కటీ తెలుసు. అది ప్రేమయ్యది.

"కంబన్నది" అన్నాను.

"ఇది?"

"కంబన్నది."

"ఇది?"

"అదీ కంబన్నదే."

పదో బండ దగ్గర నా పెదవి చిట్లింది. ఇరవయ్యో బండ దగ్గర పడిపోయాను. లేపి నిలబెట్టి అడిగితే మళ్ళీ అదే చెప్పాను. దొర విసుగుపడి జీపెక్కాడు. నా బతుకులో ఆ ఒక్క పూటే నా విద్య నాకు పనికొచ్చింది. ఆ బండలు ఆ రోజే వాగన్లెక్కి కర్నూలు పోయాయి. తర్వాత కర్నూలు రాజధాని అయినప్పుడు వాటిని ఏయే ఆఫీసుల్లో పరిచారో నాకు తెలియదు. కర్నూల్లో చదువుకునే పిల్లలు వరండాల్లో నడిచేటప్పుడు బండల మూలలు చూసి నడవండి.

ఆ సాయంత్రం, ఇక కంబన్న వస్తాడనుకున్నాం. ఎవరిదో తేల్చలేని గుర్తుకు ఒక్కణ్ణి ఎట్లా శిక్షిస్తారని, లాయరు దగ్గరికి పోదామని, స్టేషన్ అరుగు మీద కూర్చుని నాకు తెలిసిన చట్టమంతా వాళ్ళకు చెబుతున్నాను. గిడ్డమ్మ వింటూ తల ఊపుతోంది. అప్పుడే మామిడితోట నుంచి ఒక ఎద్దులబండి వచ్చింది. గడ్డి మీద గోనెపట్టా కప్పి ఉంది.

పట్టా కింద కంబన్న.

చెట్టెక్కి పడ్డాడని రాశారు కాగితంలో. కుడిచేతి వేళ్ళు ఐదూ నలిగిపోయి ఉన్నాయి. చెట్టుమీంచి పడితే వేళ్ళు నలుగుతాయా? ఒళ్ళు అప్పటికే కొయ్యబారింది. చనిపోయింది ముందునాడు పొద్దుగూకే వేళకని బండివాడు నాగక్కతో గుసగుసగా చెప్పాడు. చావిడిలో పీర్ బాషా తన ముత్తాత గుర్తును చెక్కేసే వేళకే కంబన్న లేడు. మేమందరం చచ్చినవాణ్ణి బతికించడానికి సుత్తులెత్తామన్నమాట. పీర్ బాషా, ప్రేమయ్య, వాళ్ళ పేర్లు మాత్రం ఆ నోట్లోంచి రాలేదు.

గిడ్డమ్మ ఆ నలిగిన వేళ్ళను ఒక్కొక్కటీ చీరకొంగుతో తుడిచింది. "రొట్టెలు చేసుకొస్తా. ఆకలిగా పోయినాడు" అన్నది.

అయ్యవారి పక్కనే పూడ్చాలని గనిదారిన తీసుకుపోయాం. కాపలా దగ్గర వాడే ఉన్నాడు, ఆమె పుట్టినూరివాడు. గిడ్డమ్మ అతని ముందు ఆగి తనంతట తనే మూట విప్పింది.

"మూడుండాయి. లెక్కపెట్టుకోప్పా."

వాడు తల దించుకున్నాడు, తుపాకీ పక్కకు జరిపాడు. ఆమె వెనక నాగక్క, నాగక్క వెనక ఊళ్ళో ఆడవాళ్ళందరూ మూటలు ఎత్తి చూపిస్తూ నడిచారు. ఆ రోజు తర్వాత సుద్దగుంతల దారిలో ఎవరూ మూట విప్పించలేదు.

మట్టి పూడ్చాక ప్రేమయ్య, పీర్ బాషా బండ తెచ్చి పరిచారు. మూడు రొట్టెలూ దాని మీద పెట్టారు. పీర్ బాషా గుర్తు కొట్టబోతే గిడ్డమ్మ అతని చేతిలోంచి ఉలి తీసుకుంది. ఆడవాళ్ళు బండలు మోయడమే గాని ఉలి పట్టరు గనిలో. ఎవరూ వద్దనలేదు. మొదటి గీత వంకరపోయింది. రెండోది మరీ లోతుగా దిగింది. మూడోది వాటిని కలిపింది.

లేచి నా వైపు చూసింది.

"గుమాస్తప్పా, నీకు గుర్తులు శానా బాగా తెల్సు గదా. ఇది ఎవురిదో చెప్పు."

నేను జవాబు చెప్పేలోపే, బండలన్నీ కంబన్నవేనని బొంకినందుకు నన్ను తీసుకుపోవడానికి జీపు గుంత అంచుకు వచ్చి ఆగింది. నా వెనక నిలబడ్డ జనం చెప్పారు.

"మాది."