చుక్కల షికారు

ఒమన్ నుంచి సెలవు మీద మంథని వచ్చిన రాయమల్లు, అన్నం తింటూ తన పని గురించి చెప్పాడు. ఎడారిలో గుడారాలు వేసి ఉంటాయట. ఎక్కడెక్కడి వాళ్లో విమానాలెక్కి వచ్చి, ఇసుక మీద పడుకుని చుక్కలు చూసిపోతారట. వాళ్లను జీపులో తిప్పడం, చాయ్ పోయడం అతని పని.

"ఉత్త చుక్కలకేనా? మనింటి మీద లెవ్వా?" అంది తల్లి ఐలవ్వ.

"ఆడ దీపాలుండయవ్వా, మబ్బులుండయి. చేతికందుతయి అన్నట్టుంటయి."

భార్య కిష్టవ్వకు నవ్వు ఆగలేదు. డ్రైవరు పని అని తప్ప ఇన్నాళ్లూ ఆమెకు ఏమీ తెలియదు. "గట్లయితే నాకూ సూపియ్యి. గిప్పుడే ఇమానం దిగిన అనుకో," అంది.

పొద్దుగూకాక ముగ్గురూ బొంతలు, చాయ్ ఫ్లాస్కు పట్టుకుని గోదారికి నడిచారు. ఎండాకాలం కావడంతో నీళ్లు ఓ పక్కకు తగ్గి, కనుచూపుమేర ఇసుకే. రాయమల్లు బొంత పరిచి, నడుం వంచి "వెల్‌కమ్ మేడం" అన్నాడు. అత్తాకోడళ్లు దొరసానుల్లా కూర్చున్నారు. ఊరి దీపాల వెలుగుకు ఆకాశం మసకగా ఉంది.

"ఏడున్నయి నీ చుక్కలు? నేను మల్ల ఇమానమెక్కి పోత," అంది కిష్టవ్వ.

మాట నోట్లో ఉండగానే ఊళ్లో కరెంటు పోయింది.

గుప్పిళ్లతో చల్లినట్టు ఆకాశం నిండా చుక్కలు! వెల్లకిలా పడుకున్న ఐలవ్వ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"జర పట్టుకో పిల్లా, పైకి పడిపోతనేమో."

కిష్టవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు అత్తకూ అంటుకుంది. రాయమల్లు మాత్రం ఫ్లాస్కుతో నిలబడే ఉన్నాడు.

"నువ్వు పండుకోవా?" అంది కిష్టవ్వ.

"వచ్చినోళ్లు సూస్తుంటే మేం నిలవడాలె. అలవాటైంది."

"గిన్నేండ్లల్ల ఒక్కసారన్న పండుకొని సూసినవా?"

అతను ఆలోచించాడు. "లే. చాయ్ పోసుడుకే సరిపాయె."

కిష్టవ్వ లేచి ఫ్లాస్కు లాక్కుని, భుజాలు పట్టి అతన్ని బొంత మీదికి తోసింది. పడ్డవాడు పైకి చూశాడు. తర్వాత కితకితలు పెట్టినట్టు నవ్వడం మొదలుపెట్టాడు. కరెంటు వచ్చినా ముగ్గురిలో ఎవరూ లేవలేదు.

మర్నాడు మాపటికి వాడకట్టు ఆడవాళ్లంతా బొంతలతో వాకిట్లో నిలబడ్డారు. రాయమల్లు బిత్తరపోయి చూసేసరికి ఐలవ్వ అప్పటికే ముందు నడుస్తోంది, ఎట్లా పడుకోవాలో వెనక వాళ్లకు చెబుతూ.