బావి వినేటంత దూరంలో

పొద్దు పొడిచేలోగా రాఘవమ్మ బావికి పోయి, చేద వేసి, దోసెడు నీళ్ళు నోట్లో పోసుకునేది. కాసేపు నాలుక మీద నిలిపి మింగి తల ఊపేది. అప్పుడుగాని మిగతా ఆడవాళ్ళు చేంతాళ్ళు వదిలేవాళ్ళు కాదు. ఈ పని ఆమెకు అత్తగారి నుంచి వచ్చింది, అత్తగారికి ఆవిడ అత్తగారి నుంచి. నాలుక చెడిపోతుందని కాపురానికి వచ్చిన ఏడాదే రాఘవమ్మ వక్కాకు మానేసింది. నిజానికి ఆమెకు వక్కాకంటే ప్రాణం. ఆ ఇంటి పెద్దకోడలికి తప్పదు మరి.

ముత్తుకూరుకు తూర్పున కాలవ దాటితే వచ్చే కొత్తమిట్టకు మంచినీళ్ళ బావి అదొక్కటే. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఆ బావి నీళ్ళు లేతకొబ్బరి నీళ్ళలా ఉంటాయి గాని, బావికి చెవులున్నాయి. అది వినేటంత దూరంలో ఎవరైనా అబద్ధమాడితే చేద పైకి వచ్చేలోగా నీళ్ళు ఉప్పు తిరిగిపోతాయి. ఆడినవాడు ఒప్పుకుంటేనే మళ్ళీ మంచివవుతాయి. పడమటి వీధిలో ఇంకో బావి ఉండేది. పొలంగట్టు తగాదాలో దాని పక్కన నిలబడి దొంగసాక్ష్యం చెప్పిన పెద్దమనిషి ఒప్పుకోకుండానే కన్నుమూశాడు. ఆ నీళ్ళు తోడి పోస్తే ఇప్పటికీ గేదెలు మూతి పెట్టవు.

బావి ఎంత దూరం వింటుందో ఎవరికీ తెలియదు. పరీక్షించి చూసే ధైర్యమూ లేదు. అందుకని పెళ్ళిమాటలు కాలవ అవతలికి పోయి మాట్లాడుకునేవాళ్ళు. ఎద్దులబేరాల ముత్యాలయ్య ఈ ఊరొస్తే ఎద్దు సుగుణాలు వర్ణించకుండా, పగ్గం చేతికిచ్చి ఆకాశంలోకి చూసేవాడు. "బాగుండావా అక్కా" అని బావి దగ్గర పలకరిస్తే "ఎవురు బాగుండారు లేమ్మే?" అని ఎదురడిగేవాళ్ళు. అడగడం అబద్ధం కిందికి రాదు కదా. ఆ ఊరివాళ్ళకు ప్రశ్నల్లో మాట్లాడడం అట్లా అలవాటైంది.

రాఘవమ్మకు ఒక్కడే కొడుకు, హజరత్తయ్య. హిందువుల ఇంట్లో ఈ పేరేమిటని నెల్లూరు సీమలో ఎవరూ అడగరు. ముందు పుట్టినవాళ్ళు నిలవకపోతే కసుమూరు దర్గాలో మొక్కుకుంది, ఈ బిడ్డ బతికితే నీ పేరు పెడతానని. బతికాడు, పెట్టింది. మొగుడు పోయిన దగ్గర్నుంచి "నిన్నే నమ్ముకోనుండా అబ్బయా" అని రోజుకొకసారైనా అనేది. బావి దగ్గర కూడా అనేది. నీళ్ళు ఎన్నడూ మారలేదు.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం, కంచం ముందు కూర్చుని హజరత్తయ్య చెప్పాడు.

"అమా, నేను యేసుప్రభువులో కలస్తా."

రాఘవమ్మ పులుసు వడ్డిస్తూనే, "దానికేముంది? ఆయన పటం గూడా తెచ్చి పెట్టు. గూట్లో చోటుంది" అంది.

"చోటు సంగతి కాదమా. ఇంక ఆయనొక్కడే."

గరిట అక్కడే ఆగింది.

కాలవగట్టు కింద, ఊరు ఎడంగా పెట్టిన పాలెంలో హెబ్రోను అని వాళ్ళ సేద్యగాడున్నాడు. పాలెమంతా ఎప్పుడో దొరల కాలంలోనే కిరస్తానీల్లో కలిసింది. ఒకరోజు మడవ తెగి నారు కొట్టుకుపోతే, కోపం పట్టలేక హజరత్తయ్య హెబ్రోను మీద చెయ్యి చేసుకున్నాడు. ఆ సాయంత్రం గట్టు మీద వెనక్కి వస్తుంటే మాటలు వినిపించాయి. హెబ్రోను ఒక్కడే కూర్చుని, పక్కన ఎవరో ఉన్నట్టు మాట్లాడుతున్నాడు. "నన్ను కొట్టినాడంటే మా అయ్యకు మనసులో ఏందో బాధగా ఉండాది సామీ. నువ్వు కాస్త చూడు." అంతే. ఇది చేస్తే కోడినిస్తానని గాని, తల నీలాలిస్తానని గాని లేదు.

"నా పేరే ఒక మొక్కుబడి గదమా" అన్నాడు కొడుకు. "నా కోసం ఊరికే అడిగిన మనిషి, కొట్టించుకున్న నాడే అడిగినాడు. ఎవుర్ని అడిగినాడా అని చూస్తా పోయినా. మళ్ళా వెనక్కి రాలేకపోయినా."

రాఘవమ్మకు అర్థం కాకపోలేదు. అర్థమైనందుకే భయం పట్టుకుంది. పాలెంలో కలిసినవాడు పాలెంలో తింటాడు. పాలెంలో తిన్నవాణ్ణి ఊరు వంటింట్లోకి రానివ్వదు.

ఆమె మరిది గంగులయ్య ఊరికి పెద్ద. అబ్బాయిని పిలిపించాడు.

"ఏం అబ్బయా, అమెరికా పాలపొడి మీదికి పోయిందా మనసు?"

"నాలుగు బర్రెలుండాయి చిన్నాయనా మనకు. పాలపొడికి పోతానా?"

"అయితే ఎవుతినన్నా చూసుకున్నావా?"

హజరత్తయ్య తల అడ్డంగా ఊపాడు.

"సరే. నన్ను గాదు, బావిని ఒప్పించు. ఆదివారం పొద్దున బావి కాడ నిలబడి, నమ్ముతున్నానని చెప్పు. నీళ్ళు మంచిగా ఉంటే నీ దారి నీది, ఊరు అడ్డం రాదు. ఉప్పు తిరిగిందా, తప్పొప్పుకుని, గుండు గీయించుకుని ఇంట్లో పడుండాల."

శనివారం సాయంత్రం కొడుకు అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. "చచ్చిపోయి మూడోనాడు లేచినాడంటారమా. నేను చూసినానా? కాదనలేను. అవునని గుండె మీద చెయ్యేసి అనలేను."

రాఘవమ్మ మనసులో ఒక మూల సంతోషించింది. అనుమానం ఉంటే మాట అబద్ధమవుతుంది, నీళ్ళు ఉప్పు తిరుగుతాయి, కొడుకు దక్కుతాడు. ఆ వెంటనే ఊళ్ళోని పసిపిల్లలు, బాలింతలు గుర్తొచ్చారు. వీడు పౌరుషానికి పోయి ఒప్పుకోకపోతే? పడమటి బావి గుర్తొచ్చింది.

ఆదివారం తెల్లవారేసరికి ఊరి ఆడవాళ్ళంతా బావి చుట్టూ ఉన్నారు. బిందెలు, కుండలు, వడ్లు నానబోసే కాగులు, ఒకామె బిడ్డకు నీళ్ళుపోసే తొట్టి సైతం తెచ్చింది. మళ్ళీ మంచినీళ్ళు ఎప్పటికో అని అందరూ నింపుకుంటున్నారు. గిలక కీచుమంటూనే ఉంది. రాఘవమ్మ కూడా నింపింది. ఇంట్లో ఖాళీ గిన్నె లేకుండా నింపి, ఆఖరి బిందె చంకనెత్తుకునేటప్పుడు చూస్తే ఎదురుగా కొడుకు.

"నువ్వు గూడానా అమా?"

"నీళ్ళు పట్టుకుంటే తప్పా?" అంది ఆమె. మొహం తిప్పుకుంది.

ఎండ ఎక్కేసరికి మగవాళ్ళూ చేరారు. పాస్టరుగారు కాలవగట్టున కాచుకుని ఉన్నారు, బాప్తిస్మం అక్కడే. హెబ్రోను మాత్రం ఎడంగా తాటిచెట్టు కింద నిలబడ్డాడు. పాలెం వాళ్ళ హద్దు ఆ చెట్టే, దాటి బావి వైపు రాకూడదు. వాళ్ళు కాలవ పక్క ఇసకలో చెలమలు తీసుకుని, ఊరిన చవిటినీళ్ళు వడగట్టుకుని తాగేవాళ్ళు.

గంగులయ్య గొంతు సవరించుకున్నాడు. "అడగతా ఉండా. యేసే దేవుడని నమ్ముతున్నావా?"

గిలక ఆగింది. హజరత్తయ్య పెదవి తడుపుకున్నాడు. ఎవరో బిందె మీద మూత పెట్టిన చప్పుడైంది.

"నమ్ముతున్నాననే మాటకు నాకు నోరు రాదు చిన్నాయనా" అన్నాడు.

జనంలో గొణుగుడు లేచింది. గంగులయ్య మొహం విప్పారింది. రాఘవమ్మకు ఊపిరి అందినట్టయింది.

"నేను చూడంది చూసినట్టు చెప్పలేను. విత్తనం చల్లేటప్పుడు వాన వస్తదని నాకు తెలుసా? తెలీదు. వాననే నమ్ముకుని చల్లతా. గింజ చేతిలో మిగల్చను. ఇదీ అంతే. నేను ఆయన్ను నమ్ముకున్నా. ఇంకొకర్ని నమ్ముకునేదానికి నా కాడ ఏమీ మిగల్లేదు."

నమ్ముకున్నా. ఆ మాట తనది. ఇన్నేళ్ళుగా ఈ బావి దగ్గరే తను కొడుకుతో అన్న మాట. ఏనాడైనా వాడు బతుకుతాడని గాని, తనను చూసుకుంటాడని గాని ఆమెకు రూఢిగా తెలుసా?

"వదినా, నీళ్ళు చూడు" అన్నాడు గంగులయ్య.

రాఘవమ్మ చేద వేసింది. చేంతాడు ఎప్పుడూ లేనంత బరువుగా పైకొచ్చింది. దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుంది.

ఉప్పు.

అందరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు. ఉప్పని చెబితే కొడుకు ఇంట్లోనే ఉంటాడు. అబద్ధం కూడా కాదు, నాలుకకు తగిలింది ఉప్పే. మింగి, "నా నోటికి ఉప్పగా ఉండాది" అంది.

"అయిపోయింది గదా" అన్నాడు గంగులయ్య.

హజరత్తయ్య తల్లినే చూస్తున్నాడు. ఆ చూపుకు రాఘవమ్మ చెంప తడుముకుంది. అరచేతికి తడి తగిలింది. ఎప్పట్నుంచి ఏడుస్తోందో తనకే తెలియదు. కన్నీళ్ళు పెదాల మీదుగా నోట్లోకి కారుతున్నాయి.

"ఆగండి. ఉప్పు నీళ్ళదా, నా కంటిదా?" అంది. "నా నాలుకను నేను నమ్మలేను. ఇంకెవురన్నా చూడండి."

ఎవరూ ముందుకు రాలేదు. గంగులయ్యే దోసిలి పట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. ఉప్పుంటే బాగుండునని ఆశపడేవాడి నోటికి మంచినీళ్ళు ఎట్లా తగులుతాయో ఏమో. పొరపాటున అబద్ధం దొర్లిందా, ఉన్న నీళ్ళూ పోతాయి, ఆ పాపం తన తల మీదికొస్తుంది. అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఆ నీళ్ళతో ఏదో ఒక అవసరముంది. చెడినా బాగున్నా తన కుండలో తేడా రానివాడు ఒక్కడే ఉన్నాడు.

"హెబ్రోనూ, ఇట్రా" అంది రాఘవమ్మ.

"వదినా" అన్నాడు గంగులయ్య.

"అయితే నువ్వు తాగి చెప్పు."

గంగులయ్య తువ్వాలు సర్దుకున్నాడు.

హెబ్రోను తాటిచెట్టు దాటి, ఒక్కో అడుగూ ఆలోచించి వేసినట్టు వచ్చి, గట్టు కింద వంగి దోసిలి పట్టాడు. రాఘవమ్మ చేద ఎత్తి పోసింది. తాగాడు. "ఇంకొంచెం పొయ్యమ్మా" అన్నాడు. పోసింది. అది కూడా తాగి, గడ్డం మీది చుక్కలు తుడుచుకుని, ఊరివాళ్ళందర్నీ చూశాడు.

"ఇయ్యేనా అమ్మా, మీరు ఇన్నాళ్ళూ తాగతా ఉండే నీళ్ళు?"

ప్రశ్న అబద్ధం కాదు. దానికి జవాబు చెప్పే మొగాడు మాత్రం ఆ ఊళ్ళో లేకపోయాడు. నీళ్ళ సంగతి మళ్ళీ ఎవరూ అడగలేదు.

హజరత్తయ్య కాలవకు పోయి మునిగి లేచాడు. పాస్టరుగారు కొత్త పేరు పెడతానంటే, "మా అమ్మ పెట్టింది, ఉండనీండి" అన్నాడట. ఆ రాత్రి హెబ్రోను వాళ్ళింట్లో తిని, వచ్చి తన ఇంటి అరుగు మీద పడుకున్నాడు. తల్లి చాప తెచ్చి పరిచింది గాని మాట్లాడలేదు. ఇంటినిండా పట్టి ఉంచిన నీళ్ళు ఏం చెయ్యాలో తోచక బీరపాదుకు పోసింది.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళు చేంతాళ్ళు పట్టుకుని రాఘవమ్మ తల ఊపడం కోసం చూస్తుండగా, హెబ్రోను పెళ్ళాం రెబెక్కమ్మ మట్టికుండ చంకన పెట్టుకుని వచ్చింది. తాటిచెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగింది. దాటింది.

ఆడవాళ్ళు బిగుసుకుపోయారు. ఇది మీ బావి కాదని ఎవరో ఒకరు అనాలి. ఒకామె నోరు తెరిచి, బావి వైపు చూసి, మూసుకుంది. ఇంకొకామె పక్కామెను మోచేత్తో పొడిచింది. ఆ పక్కామె తల అడ్డంగా ఊపింది. ఆ మాట నిజమో అబద్ధమో ఎవరికీ రూఢిగా తెలియదు. బావి వింటోంది.

రాఘవమ్మ దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని, మింగి, తల ఊపింది. తర్వాత గట్టు మీది తన బిందెను, ఇంకో కుండకు చోటయ్యేటంత పక్కకు జరిపింది.