ఆవిడ గుండెల మీద నా బిడ్డ

అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికో కోడలు. ఆ కోడలి బాధ ఆసుపత్రి మూడో అంతస్తులో మంచం మీద పడుకున్నప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. మా అత్తగారు నన్నేమీ అనలేదు. నన్ను కాల్చుకు తిన్నదల్లా నా తోడికోడలు, అదీ పాపం ఏ తప్పూ చెయ్యకుండానే.

నాకు బీపీ ఆకాశానికెక్కితే, నెలలు నిండకుండానే కడుపు కోసి పిల్లను బయటికి తీశారు. అరచేతిలో పట్టేంత ఆడపిల్ల. దాన్ని కింది అంతస్తులో పసిబిడ్డల వార్డుకు తీసుకెళ్ళారు. ఆ వెంటనే నాకు దగ్గూ జ్వరమూ పట్టుకున్నాయి. జ్వరం పూర్తిగా పోయేదాకా ఆ వార్డు గుమ్మం తొక్కకూడదన్నారు. పాలు పిండి సీసాలో పంపొచ్చట, నేను మాత్రం వెళ్ళకూడదట.

ఆ సీసాలు కిందికీ, పిల్ల కబుర్లు పైకీ మోసే మనిషి ఒకావిడ ఉంది. ప్రమాదంలో ఉన్న తల్లుల్నీ బిడ్డల్నీ కనిపెట్టి ఉండటం, పై డాక్టరు చెప్పింది కింది డాక్టరుకు అందించడం ఆవిడ ఉద్యోగం. దాని పేరు చాంతాడంత ఉండటంతో అందరూ పరుగులమ్మ అంటారు. మొదటిరోజే వచ్చి నా మంచం పక్కన కూర్చుంది.

"పాప ఒంట్లో వెచ్చదనం నిలవట్లేదమ్మా. ఎవరైనా గుండెల మీద పెట్టుకుని, ఒంటికి ఒళ్ళు ఆనించి, గుడ్డతో కట్టుకుని కూర్చోవాలి. అలా చేస్తే బరువు పెరుగుతుంది. తల్లయితే మంచిదే, కానీ మీకిప్పుడు కుదరదు. ఇంట్లో ఇంకెవరున్నారు?"

మా ఆయన ఉన్నాడుగా అన్నాను. ఆయన్ని కూర్చోబెట్టారు కూడా. ఎక్కడ నలిగిపోతుందోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడట. ఇలాగైతే పాపకు పెట్టిన ఆక్సిజన్ తీసి ఈయనకు పెట్టాల్సొస్తుందని నర్సులు లేపేశారట. ఇక మిగిలింది తోడికోడలే.

ఆవిడకి ఇద్దరు మగపిల్లలు. ఇద్దరికీ మీసాలొచ్చాయి, అమ్మ తల నిమరబోతే చెయ్యి తోసేస్తారు. ఏ పనైనా ఆవిడ చేతికి ఇట్టే లొంగుతుంది. నేను కుట్టిన బొత్తాం మర్నాటికి ఊడితే, ఆవిడ కుట్టింది చొక్కా చిరిగినా ఊడదు. ఇప్పుడు నా పిల్ల కూడా ఆవిడ చేతికే లొంగింది.

"ఇవాళ బరువు పెరిగింది!" అంటూ పరుగులమ్మ మొహమంతా నవ్వు చేసుకుని వచ్చేది. "మీ తోడికోడలు కదలదు, మెదలదు. మధ్యలో లేవాల్సొస్తుందని మంచినీళ్ళు కూడా తాగదు."

పిల్ల నిలబడుతోందని సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ ఆ మెప్పంతా ఆవిడకి పోతుంటే ఒళ్ళు మండిపోయేది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా? కోత నాది, కుట్లు నావి, పిల్ల మాత్రం ఆవిడ దగ్గర. మా ఆయన ఫోన్‌లో ఫొటో తెచ్చి చూపించాడు. ఆవిడ గుండెల మీద నా కూతురు నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఫొటో పెద్దది చేసి చూశాను, కూతుర్ని కాదు, ఆవిడ మొహాన్ని. కళ్ళు మూసుకుని, అచ్చం కన్నతల్లిలా ఉంది. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగితే అది ఆవిడ వాసనకే అలవాటు పడుతుంది, నన్ను చూసి ఎవరీ మనిషని ఏడుస్తుంది అనిపించింది. ఆ భయంతో నా బుద్ధి గడ్డి తింది. నర్సు థర్మామీటరు తెచ్చే వేళకి ముందే, దుప్పటి కింద చల్లనీళ్ళ సీసా చంకలో ఇరికించుకున్నాను. ఏ తల్లి చంకలోనైనా పిల్ల ఉంటుంది, నా చంకలో సీసా. మర్నాడూ అదే పని. జ్వరం లేదని రాసుకున్నారు.

పరుగులమ్మ నాకంటే ఎక్కువ సంబరపడింది. తనే కింది డాక్టరుతో మాట్లాడి ఒప్పించింది, తనే నా చక్రాల కుర్చీ తోసింది.

"ఇవాళ్టితో మీ తోడికోడలికి సెలవు," అంది లిఫ్టులో. ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది.

చేతులు కడిగించి, గౌను తొడిగించి, ముక్కూ నోరూ కప్పించి నన్ను తోడికోడలి పక్కన కూర్చోబెట్టారు. ఆవిడ గుడ్డ ముడి విప్పింది. "ఇదిగో, మీ అమ్మొచ్చిందే," అంది పిల్లతో. తల కింద ఎలా పట్టుకోవాలో చూపించడానికి నా చెయ్యి అందుకుని ఆగిపోయింది. నా చెయ్యి కాలిపోతోంది మరి.

పరుగులమ్మ అటు తిరిగి నర్సుతో మాట్లాడుతోంది. తోడికోడలు అరవలేదు. నాకు మాత్రమే వినపడేలా, "జ్వరం ఉందే నీకు," అంది. "నీ బిడ్డ, నువ్వే చెప్పు. ఇవ్వమంటావా?"

ఆవిడ మంచితనం మండిపోను! అరిచి ఉంటే హాయిగా పోట్లాడేదాన్ని. పిల్ల వంక చూశాను. ఫొటోలో కంటే చిన్నగా ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్క లోపలికి పోయి వస్తోంది. నా జ్వరం దానికి అంటుకుంటే తట్టుకోవడానికి ఆ ఒంట్లో ఏముందని?

"వద్దు," అన్నాను. తర్వాత అందరికీ వినపడేలా చెప్పాను. "నాకు జ్వరం తగ్గలేదు. చంకలో చల్లనీళ్ళ సీసా పెట్టుకుని మోసం చేశాను."

పరుగులమ్మ నా కుర్చీని విసురుగా వెనక్కి తిప్పింది. పైకి వెళ్ళేదాకా తిడుతూనే ఉంది. "నా ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటా. ఆ పిల్ల పోతే ఎక్కణ్ణుంచి తెస్తావమ్మా?"

సాయంత్రం పాల కోసం మళ్ళీ తనే వచ్చింది. మొహం ఇంకా ముడుచుకునే ఉంది.

"పాప ఎలా ఉంది?" అని అడిగాను.

"మీరు వచ్చేశాక ఏడ్చింది."

"నాకోసమా?"

"ఆకలికి. మీ పాలు పట్టాం, ఊరుకుంది. మీ తోడికోడలే ఊరుకోలేదు."

"ఆవిడకేమైంది?"

"'జ్వరంతో దాని చెయ్యి కాలుతుంటే నాకు సంతోషమేసింది, పిల్ల ఇంకో రోజు నాకు మిగిలిందని. ఎంత పెట్టుకున్నా నాది కాదుగా' అని ఒకటే ఏడుపు."

జాలి పడాల్సింది. పడలేదు. ఇన్నాళ్ళ కడుపుమంట మీద ఎవరో చెంబుడు నీళ్ళు పోసినట్టయింది. పాలు పరుగులమ్మ చేతికిచ్చాను.

"రేపు కూడా మా తోడికోడలే పెట్టుకోవాలని చెప్పండి," అన్నాను. "పిల్ల తల్లి చెప్పిందని చెప్పండి."